హాల్లో తెరవని తలుపు: ఆ గుమ్మాన్ని ఎలా తీర్చిదిద్దుకోవాలి?

ప్రశ్న

మేము అద్దెకుంటున్న అపార్ట్‌మెంట్‌లో హాలుకూ పక్క ఫ్లాట్‌కూ మధ్య ఒక తలుపు ఉంది. ఒకప్పుడు ఈ రెండూ కలిసి ఒకే ఇల్లుగా ఉండేవి. విడదీసి వేరువేరుగా అద్దెకివ్వడం మొదలుపెట్టినప్పుడు ఆ తలుపుకు తాళం వేసి, అవతలి వైపు పలకలు బిగించి శాశ్వతంగా మూసేశారు. మా వైపు మాత్రం తలుపు రెక్క, దాని పిడి, ద్వారబంధం అన్నీ అలాగే ఉన్నాయి. గుమ్మం లోపలి వెడల్పు 32 అంగుళాలు, ఎత్తు 80 అంగుళాలు. గోడ అంచు నుంచి తలుపు రెక్క వరకు 4 అంగుళాల లోతు ఉంది.

సోఫాలో కూర్చుంటే కళ్లకు ఎదురుగా ఉండేది ఆ తలుపే. ముదురు గోధుమ రంగు వేసి ఉంది. పిడి చుట్టూ ఆ రంగు పెచ్చులూడి, అడుగున ఉన్న పాత పచ్చరంగు బయటపడింది. ఇంటికి వచ్చినవారిలో ఎవరో ఒకరు అది స్నానాల గది అనుకుని పిడి తిప్పి చూస్తూనే ఉంటారు. రెండేళ్లుగా దాని ముందు ఒక కుర్చీ వేసి సరిపెట్టుకుంటున్నాం. దానివల్ల తలుపు మరుగున పడలేదు సరికదా, అడ్డంగా కుర్చీ వేసి ఉంచిన తలుపుగా మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

ఇంటి యజమాని రెండు షరతులు పెట్టారు. తలుపుకు గానీ ద్వారబంధానికి గానీ మేకులు, స్క్రూలు దిగకూడదు. రంగు మార్చుకోవచ్చు కానీ, ఖాళీ చేసేటప్పుడు మళ్లీ పాత రంగు వేయించి ఇవ్వాలి. దీనికి తోడు రాత్రిపూట పక్క ఫ్లాట్‌లో మాట్లాడుకునే మాటలు ఆ తలుపులోంచి స్పష్టంగా వినిపిస్తాయి. చూడటానికి బాగుండాలి, వీలైతే ఆ శబ్దమూ తగ్గాలి. ఇలాంటి గుమ్మంతో కాపురం చేసినవారు ఎవరైనా ఉంటే దయచేసి సలహా ఇవ్వగలరు.

మొదటి సమాధానం

మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఆ 4 అంగుళాల లోతు. చదునైన గోడకు ఎన్ని పటాలు తగిలించినా అది గోడగానే ఉంటుంది కానీ, మీ గుమ్మం ఇప్పటికే సగం తయారైన గూడు. పాత ఇళ్లలో గోడ మందంలోనే గూళ్లు కట్టించుకుని వస్తువులు పెట్టుకునేవారు. అలాంటి లోతు మీకు దొరికింది కాబట్టి, దాన్ని ఏదో ఒకటి అడ్డుపెట్టి కప్పేయడం కన్నా వాడుకోవడమే మేలని నా అభిప్రాయం.

మేకు కొట్టకుండా దీన్ని చేసే పద్ధతి ఇది. గుమ్మంలో సరిగ్గా ఇమిడే ఒక అరల చట్రాన్ని విడిగా తయారు చేయించండి. రెండు నిలువు పలకలు నేల మీద ఆనాలి, అడ్డ పలకలన్నీ వాటికే బిగించాలి. అప్పుడు బరువంతా నేల మీదకు దిగుతుంది, తలుపు మీద గానీ ద్వారబంధం మీద గానీ ఏ భారమూ పడదు. వెనుక 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక వేసి, దానికి మీకు నచ్చిన గుడ్డనో వాల్‌పేపర్‌నో అంటించుకోండి. ఆ పెచ్చులూడిన రంగు దాని వెనక్కు వెళ్లిపోతుంది, యజమాని తలుపుకు చిన్న గీత కూడా పడదు.

అడ్డ పలకలకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకోండి, పార్టికిల్ బోర్డు (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పలక) వద్దు. 32 అంగుళాల పలక నిండా పుస్తకాలు పేరిస్తే 15 నుంచి 20 కిలోల బరువు పడుతుంది. పార్టికిల్ బోర్డయితే మొదట్లో బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది కానీ, నెలలు గడిచేకొద్దీ నడుమ వంగిపోతుంది, ఆ వంపు మళ్లీ సరికాదు. లోతు విషయానికి వస్తే, చిన్న సైజు పేపర్‌బ్యాక్ పుస్తకాలు కూడా 4 అంగుళాల కన్నా కాస్త ఎక్కువ వెడల్పే ఉంటాయి కాబట్టి, పలకలను గోడ కన్నా ఒకటి రెండు అంగుళాలు ముందుకు రానివ్వండి. అంతకు మించి ముందుకు తెస్తే చట్రం ముందుకు తూలే ప్రమాదం ఉంది. తూలకుండా ఉండటానికి పై పలకకూ ద్వారబంధం పైకమ్మికీ మధ్య, ఫెల్ట్ (మందపాటి మెత్తని గుడ్డ) అంటించిన రెండు చెక్క చీలలను, అంటే ఒక వైపు సన్నగా చెక్కిన ముక్కలను, గట్టిగా దూర్చాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం చీలలను నమ్ముకోకండి. యజమానిని అడిగి, ద్వారబంధానికి కాకుండా చట్రాన్ని పట్టి ఉంచేలా పక్క గోడకు ఒక్క ఎల్ ఆకారపు క్లాంపు బిగించుకోవడానికి అనుమతి తీసుకోండి. పిల్లలు అరలు పట్టుకుని ఎక్కుతారు, ఆ విషయంలో రాజీ పనికిరాదు.

రెండవ సమాధానం

అలంకరణ గురించి పైన చక్కగా చెప్పారు. నేను శబ్దం సంగతి మాత్రమే చెబుతాను. అరలు బిగించిన తర్వాత దాని జోలికి వెళ్లడం కష్టం కాబట్టి ముందు చేయవలసిన పని అదే.

తలుపు పలచన కావడం వల్లే మాటలు వినిపిస్తున్నాయని అందరూ అనుకుంటారు. నిజానికి ఎక్కువ శబ్దం వచ్చేది సందుల్లోంచి. తలుపు ఎంత మందంగా ఉన్నా, దాని మొత్తం వైశాల్యంలో నూటికి ఒక వంతు ఖాళీ ఉంటే చాలు, అది 20 డెసిబెల్స్ కన్నా ఎక్కువ శబ్దాన్ని ఆపలేదు. మీరిచ్చిన కొలతలతోనే లెక్క వేసి చూడండి: 32 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల ఎత్తు ఉన్న తలుపు కింద ముప్పావు అంగుళం సందు ఉందంటే, అదొక్కటే దాదాపు ఆ నూటికి ఒక వంతు అవుతుంది. పక్కల సందులు, తాళం రంధ్రం దీనికి అదనం.

రాత్రి మీ హాల్లో దీపాలన్నీ ఆర్పి, అవతలివారి దీపం వెలుగుతున్నప్పుడు తలుపు ముందు నిలబడి చూడండి. వెలుతురు గీత కనిపించిన ప్రతి చోటా శబ్దానికి దారి ఉన్నట్టే. అవతల పలకలు బిగించారు కాబట్టి వెలుతురు రాకపోవచ్చు. అప్పుడు అంచుల వెంబడి చెవి ఆనించి కదిలితే ఎక్కడ మాట గట్టిపడుతోందో తెలిసిపోతుంది. రెక్కకూ ద్వారబంధానికీ మధ్య జిగురుండే రబ్బరు పట్టీలు, అడుగున తలుపు వెడల్పంతా బ్రష్ పట్టీ గానీ గట్టిగా చుట్టిన మందపాటి గుడ్డ గానీ పెట్టండి. ఇవన్నీ ఖాళీ చేసేటప్పుడు ఊడదీసుకోవచ్చు. తాళం రంధ్రాన్ని మరచిపోకండి.

మరొక మాట. స్పాంజి పలకలు, గుడ్ల అట్టలు అంటిస్తే పక్కింటి శబ్దం ఆగుతుందని చాలామంది చెబుతారు, అది నిజం కాదు. మెత్తని స్పాంజి గదిలోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుందే తప్ప, అటునుంచి ఇటు వచ్చే శబ్దాన్ని ఆపలేదు. ఆపడానికి బరువు కావాలి. సందులు మూసిన తర్వాత పుస్తకాలతో నిండిన అరలు ఆ బరువును ఇస్తాయి. సందులు మూయకుండా వెయ్యి పుస్తకాలు పెట్టినా పెద్దగా తేడా ఉండదు.

మూడవ సమాధానం

అరలు చేయించే ఓపిక లేకపోతే రంగుతోనే చాలావరకు సాధించవచ్చు. అయితే నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని వివరంగా రాస్తున్నాను. మా పడకగదిలో ఇలాంటి తలుపే ఉండేది. దానికి గోడ రంగే వేస్తే గోడలో కలిసిపోతుందన్న ఆలోచనతో, గోడకు మిగిలిన నీటి పెయింటునే నేరుగా రెండు పూతలు వేశాను. మొదటి వారం ఎంతో బాగుంది. నాలుగో నెలలో ఒకరోజు బల్ల మూల తగిలి గీసుకుంటే, ఆ చోట గోరుతో పట్టి లాగగానే రంగు పాల మీద మీగడ తొలగినట్టు జానెడు పొడవున లేచి వచ్చింది. అడుగున ఉన్నది ఆయిల్ పెయింటు; దాని నున్నదనం మీద నీటి పెయింటు పట్టుకోలేదు.

అందుచేత ముందు పరీక్షించుకోండి. దూదిని స్పిరిట్‌లో ముంచి తలుపు మీద ఒక మూల రుద్ది చూడండి. దూదికి రంగు అంటుకుంటే అది నీటి పెయింటు. అంటుకోకపోతే ఆయిల్ పెయింటు అనుకోవచ్చు. అప్పుడు సాండ్ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, ప్రైమర్ వేసి, అది పూర్తిగా ఆరాకే రంగు వేయాలి. మీరు చెప్పిన ఆ అడుగు పచ్చరంగు చాలా పాతదైతే అందులో సీసం ఉండే అవకాశం ఉంది, కాబట్టి పొడిగా రుద్ది దుమ్ము లేపకుండా తడిపి రుద్దండి, ఆ సమయంలో పిల్లలను గదిలోకి రానివ్వకండి.

ఇక పిడి సంగతి. వచ్చినవారు తలుపు తీయబోవడానికి కారణం తలుపు కాదు, ఆ పిడి. చేతికి అందేలా పిడి కనిపిస్తే మనిషి చెయ్యి దానంతట అదే వెళుతుంది. యజమాని ఒప్పుకుంటే పిడిని విప్పి, స్క్రూలతో సహా ఒక సంచిలో వేసి, ఏ తలుపుదో రాసి పెట్టుకోండి. ఆ రంధ్రాన్ని ఒక చిన్న గుండ్రని పలకతో మూయవచ్చు. నేను రంగు సరిచేసుకున్న తర్వాత కూడా మార్పు కనిపించింది పిడి తీసిన రోజునే.

తలుపును గోడలో కలిపేయడం ఇష్టం లేకపోతే ద్వారబంధాన్ని గోడ రంగులోనే ఉంచి, లోపలి రెక్కకు మాత్రం ముదురు రంగు వేసి చూడండి. అది పెద్ద పటంలా నిలబడుతుంది. ముందున్న ఆ కుర్చీని మాత్రం తీసేయండి.

నాల్గవ సమాధానం

నేను పరదా వైపు మొగ్గుతాను కానీ ఒక జాగ్రత్తతో. గుమ్మం కొలతకు సరిపోయేలా పరదా వేస్తే అది పరదా వేసిన గుమ్మంగానే ఉంటుంది, వచ్చినవారు పక్కకు తొలగించి చూస్తారు. పైకప్పుకు దగ్గరగా మొదలై నేలను తాకేదాకా, గుమ్మానికి రెండు వైపులా కనీసం 6 అంగుళాలు ఎక్కువ వచ్చేలా వేస్తేనే అక్కడ గుమ్మం ఉందన్న ఊహ పోతుంది. కప్పవలసిన వెడల్పుకు రెట్టింపు గుడ్డ తీసుకోకపోతే కుచ్చులు పడవు, దుప్పటి ఆరేసినట్టు ఉంటుంది. రాడ్ బిగించడానికి గోడకు రంధ్రాలు తప్పవు కాబట్టి యజమానిని అడగాలి; గుమ్మం లోపలే ఒత్తిడితో నిలిచే స్ప్రింగు రాడ్లు దొరుకుతాయి కానీ, వాటితో ఈ ప్రయోజనం నెరవేరదు.

నిలువుటద్దం పెట్టాలనుకునేవారు ముందుగా ఆ స్థానంలో నిలబడి ఎదురుగా ఏమున్నదో చూసుకోవాలి. కిటికీ ఉంటే గదిలోకి వెలుతురు రెట్టింపైనట్టు ఉంటుంది, వంటింటి గట్టు ఉంటే అక్కడి సామాను రెట్టింపవుతుంది.

అన్నిటికన్నా ముందు ఆ తలుపు అగ్నిప్రమాదం వంటి సమయంలో బయటపడటానికి ఉద్దేశించిన మార్గం కాదని యజమానిని గానీ భవన నిర్వాహకులను గానీ అడిగి నిర్ధారించుకోండి. మీ విషయంలో అవతల పలకలు బిగించారు కాబట్టి కాకపోవచ్చు కానీ, ఇది చదివే మరొకరి ఇంట్లో అది అలాంటి దారే కావచ్చు. అలాగే తలుపు అవతల స్నానాల గదో బాల్కనీయో ఉన్నవారు వెనుక రెండు అంగుళాల ఖాళీ వదలాలి. మా బంధువుల ఇంట్లో అలాంటి తలుపుకు ఆనించి పెట్టిన బట్టల బీరువా వెనుక పలక ఒక్క వానాకాలంలో బూజు పట్టి నల్లబడింది.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి చెవి ఆనించి చూశాను. పక్కల నుంచి కన్నా అడుగు నుంచే మాటలు ఎక్కువగా వస్తున్నాయి, తాళం రంధ్రం దగ్గర మరీ స్పష్టంగా ఉన్నాయి. రంధ్రంలో దూది కూరి, అడుగున చుట్టిన దుప్పటి పెట్టగానే మాటలు గొణుగుడుగా మారాయి, అర్థం తెలియడం లేదు. రబ్బరు పట్టీలు పెట్టిన తర్వాత ఇంకా తగ్గుతుందన్న నమ్మకం కలిగింది.

ఆ బిగింపు అయ్యాక అరల చట్రమే చేయించాలని నిర్ణయించుకున్నాం. యజమాని పక్క గోడకు ఒక క్లాంపు బిగించుకోవడానికీ, పిడి విప్పి తనకు అప్పగించడానికీ ఒప్పుకున్నారు. వడ్రంగిని పిలిచే ముందు గుమ్మాన్ని మూడు చోట్ల కొలిచాను: పైన 32 అంగుళాలు, నడుమ 31 ముప్పావు, అడుగున 32 పావు. మొదట నేను రాసిన కొలత పైన ఒక్క చోట తీసుకున్నదే. దాని ప్రకారం చేయించి ఉంటే చట్రం నడుమ ఇరుక్కుని లోపలికి వెళ్లేది కాదు. 31న్నర అంగుళాల వెడల్పుతో చేయించి, రెండు పక్కలా మిగిలే సందును ఫెల్ట్ పట్టీతో నింపుతాను. అన్నిటికన్నా కింది అర ఎత్తు మాత్రం 14 అంగుళాలు పెట్టమంటున్నాను, మా అమ్మాయి బొమ్మల పుస్తకాలు అందులో నిలబెట్టి పెట్టుకోవడానికి.