నాన్న సినిమా హాల్లో ఆపరేటర్. సాక్ష్యంలో ఏమని చెప్పను?

కేబిన్ కిటికీ (గాజువాక):

అందరికీ వందనాలు. వచ్చే శనివారం మా సంఘంలో (చర్చిలో) యవ్వనస్థుల కూడిక. అంశం "లోకమును ప్రేమింపకుడి". అయ్యగారు (మా పాస్టరు) నన్ను పిలిచి, "మీ కుటుంబం సినిమాల్లోంచి బయటికొచ్చింది కదా, పది నిమిషాలు సాక్ష్యం చెప్పు, పిల్లలకి ఉపయోగం" అన్నారు. సాక్ష్యమంటే దేవుడు మన జీవితం ఎలా మార్చాడో అందరి ముందు చెప్పడం. సరేనండి అనేసి వచ్చాను. అప్పటినుంచి ఒకటే టెన్షన్.

సంగతేంటంటే, మేం సినిమాల్లోంచి బయటికేం రాలేదు. మా నాన్న ఇక్కడే ఒక హాల్లో 1977లో హెల్పర్‌గా చేరి, తర్వాత ప్రొజెక్టర్ ఆపరేటరై, 2012 దాకా చేశారు. ఆ ఏడు హాలుకి డిజిటల్ మెషీన్ పెట్టారు. డబ్బాల్లో రీళ్లు రావడం ఆగిపోయింది, నాన్న ఇంటికొచ్చేశారు. అంతే. ఆయన సినిమాని విడిచిపెట్టలేదు, రీళ్లే ఆయన్ని విడిచిపెట్టాయి. దాన్ని విడుదల అని మైకులో ఎలా చెప్పను? పైగా ఆయన ముందు వరసలోనే కూర్చుంటారు, చెవులు సరిగా వినపడవని.

ఆ జీతంతోనే అక్క పెళ్లి, నా ఐటీఐ. ప్రతి నెలా దశమభాగం కవరులో పెట్టి పేరు రాసి ఇచ్చేవారు. ఆ కవరు ఎవరూ వెనక్కివ్వలేదు. సంఘం కమిటీలోకి మాత్రం "హాల్లో పనిచేసేవాడు" అని ఏనాడూ తీసుకోలేదు. (ఇది ఇప్పటి అయ్యగారి మీద ఫిర్యాదు కాదు, ఆయన అప్పటికి రాలేదు.)

చిన్నప్పుడు సెలవుల్లో క్యారేజీ ఇవ్వడానికి కేబిన్‌కి వెళ్లేవాణ్ని. అది చూసినవాళ్లకే తెలుస్తుంది. అప్పట్లో కార్బన్ కడ్డీలు. రెండు కడ్డీల మధ్య మంట, అవి కాలిపోతుంటే మధ్య ఎడం చూసుకుంటూ జరుపుతూ ఉండాలి. నల్ల అద్దంలోంచి తప్ప దాన్ని చూడకూడదు. రెండు మెషీన్లు. దాదాపు 20 నిమిషాలకో రీలు అయిపోతుంది. అయ్యే ముందు తెర మీద కుడివైపు పై మూలన చిన్న చుక్క పడుతుంది. ఆ చుక్కకి రెండో మెషీన్ మోటారు ఆన్ చెయ్యాలి, ఇంకో చుక్కకి మార్చెయ్యాలి. మీరంతా హీరోని చూస్తుంటే మా నాన్న ఆ మూల చూసేవారు. కథ అడిగితే ఏ సినిమాదీ సరిగా చెప్పలేరు! ఆదివారం 6.30 ఆరాధనకి వెళ్లి, బల్ల (ప్రభురాత్రి భోజనం) తీసుకుని, అటునుంచటే మార్నింగ్ షోకి. దసరాకి మెషీన్లకి పూజ చేస్తే ఈయన మెట్ల మీద నిలబడేవారు. జతగాడు ఏమీ అనుకోకుండా ఒక అరటిపండు కొబ్బరికాయ దగ్గర పెట్టకముందే తీసి ఈయన కోసం పక్కన ఉంచేవాడు.

1978లో కరుణామయుడు ఆడినప్పటి ముచ్చట నాన్న ఇప్పటికీ చెబుతారు. సినిమా పాపమన్న సంఘాలవాళ్లే చుట్టుపక్కల ఊళ్లనుంచి లారీల్లో వచ్చారట. సిలువ సీన్లో నేల క్లాసులో ముసలమ్మలు మోకాళ్లూనారట, వెనకవాళ్లు కనపడలేదని గొడవ. అందులో ఏసుగా నటించిన విజయచందరే 1986లో షిరిడీ సాయిబాబాగా వస్తే మళ్లీ హాలంతా దండాలు. "అదే మొహంరా, నేనే వేశాను రెండూ" అంటారు. ఆయన అందులో ఎగతాళి ఏమీ ఉద్దేశించరు, ఆశ్చర్యమంతే.

ఇప్పుడు శనివారం ఏం చెప్పాలి? అబద్ధం చెప్పలేను. సినిమా మంచిదని వాదించడానికీ అది చోటు కాదు.

—

గోపాలపట్నం సిస్టర్:

బ్రదర్, మీరు బాధపడకపోతే ఒక మాట. మీ నాన్నగారిది పని. మా ఇంట్లో అది మత్తు. మావారు ఒక హీరో అభిమాన సంఘంలో ఉండేవారు. కొత్త సినిమా వస్తుందంటే వారం ముందునుంచి ఇంట్లో ఉండరు. ఫ్లెక్సీకి చందా, కటౌట్‌కి దండ, దాని మీద పాలు. మా చిన్నదానికి పాలపొడి డబ్బా అయిపోయి రెండ్రోజులైన పొద్దున ఆయన పాలప్యాకెట్లు మోసుకెళ్లి ఆ కటౌట్ మీద పోసొచ్చారు. నేను అది మర్చిపోలేను. అందుకే మా ఇంట్లో టీవీయే లేదు, దానికి నేను సిగ్గుపడను.

మీ అయ్యగారు పిల్లలకి జాగ్రత్త చెప్పమన్నది నాలాంటి ఇళ్లు చూసే అయ్యుంటుంది. నాన్నగారి గౌరవం కాపాడండి, కానీ మా బాధ కూడా పక్కన పెట్టెయ్యకండి.

—

కేబిన్ కిటికీ:

లేదు సిస్టర్, పెట్టను. నాన్నకి చదివి వినిపించాను. "మొదటి రోజు మొదటి ఆటకి కేబిన్‌లోంచి చూస్తే తెర కనపడేది కాదురా, కాగితాలే" అని ఊరుకున్నారు.

—

పాతపట్నం మాష్టారు:

నాయనా, నేను రిటైరైన తెలుగు మాష్టారుని, మా తాతల కాలంనుంచి ఇక్కడే. ఇలాంటి కూడికల్లో తప్పకుండా చదివే వాక్యం ఒకటుంది: "దుష్టసాంగత్యము మంచి నడవడిని చెరుపును", బైబిల్లో మొదటి కొరింథీ 15:33. సినిమాకి వెళ్లొద్దనడానికి మా చిన్నప్పుడు మా నాన్నగారు దాన్నే బెత్తంలా వాడేవారు. తమాషా ఏమిటంటే, ఆ మాట దాన్ని రాసిన అపొస్తలుడు పౌలు సొంతం కాదు. ఏథెన్సులో హాస్యనాటకాలు రాసిన మెనాండర్‌దని పండితులు చెబుతారు. అదీ ఒక వేశ్య పేరు పెట్టిన నాటకంలోనిది. అంటే నాటకాలు చూడొద్దనడానికి మనం నాటకం డైలాగే చదువుతున్నామన్నమాట!

అపొస్తలుల కార్యాలు 17:28లో పౌలు "మీ కవీశ్వరులలో కొందరును" అంటాడు చూడు, అక్కడ తలుచుకున్నది అరాటస్‌ని. అతనిది పౌలు పుట్టిన కిలికియ ప్రాంతమే, సొంత ఊరివైపు కవి. పౌలుకి ఆ పంక్తి నోటికొచ్చు. నోటికి రావాలంటే ఎక్కడో విని ఉండాలి కదా.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచినా పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి. అందులో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరిగారు ఆ రాగాలు ఆకాశంనుంచి తెచ్చినవి కావు, ఈ నేల మీద జనం పాడుకునేవే.

అయితే గోపాలపట్నం అమ్మాయి చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు. ఆ పాలపొడి డబ్బా ముందు మెనాండర్ నిలబడడు. నువ్వు మాట్లాడితే ఆవిడ మాటే ముందు చెప్పు, తర్వాత మీ నాన్నగారి మూల చుక్క సంగతి చెప్పు. రెండూ కలపడానికి ప్రయత్నించకు.

—

రిథమ్ ప్యాడ్ (మధురవాడ):

అన్నా, మా చర్చిలో ఎల్ఈడీ వాల్ ఉంది, మూడు కెమెరాలు, యూట్యూబ్ లైవ్. పోయిన క్రిస్మస్‌కి కొత్త పాటకి ఇంట్రో ఇస్తే పక్కన క్వయర్ అబ్బాయి "ఇది ఫలానా హీరో ఎంట్రీ బీటు" అన్నాడు. నిజంగానే అదే. నేనే వాయించాను, తెలియకుండా వచ్చేసింది. కాబట్టి లోకం బయటే ఉందని నేను మాత్రం చెప్పలేను.

నా సలహా చిన్నది. నువ్వెందుకు చెప్పడం? నాన్నగారికే మైకివ్వు.

—

కేబిన్ కిటికీ:

అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి అన్నం దగ్గర అడిగాను, "నాన్నా, శనివారం నువ్వే మాట్లాడతావా" అని. "నాకేటి తెలుసురా మాట్లాడ్డం" అన్నారు. కాసేపు పెరుగు కలుపుకుంటూ ఊరుకుని, "ఒకటి మాత్రం అయ్యగారికి చెప్పు" అన్నారు. నేను కమిటీ సంగతి ఎత్తుతారేమో అనుకున్నాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఎత్తలేదు.

"మందిరంలో పాటలేసే ఆ ప్రొజెక్టర్ ఫోకస్ లేదురా. ఆర్నెల్లనుంచీ చూస్తన్నాను. వత్తులు, దీర్ఘాలు అన్నీ అలుక్కుపోతన్నాయి. వెనక కూర్చున్న ముసిలోళ్లు ఏం పాడతారు?"

అయ్యగారికి ఫోన్ చేసి రెండూ చెప్పాను, సాక్ష్యం సంగతి, ఫోకస్ సంగతి. మొదటిదానికి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నాన్నగారిని శనివారం గంట ముందు తీసుకురా" అన్నారు. పక్కింట్లో నిచ్చెన అడిగి ఉంచాను.