ఇగ్వానాకి రక్తం ఎక్కించాలట, వైజాగ్‌లో దాత దొరుకుతుందా?

అందరికీ నమస్కారం. మేం ఎంవీపీ కాలనీలో ఉంటాం. మా ఆడ ఇగ్వానాకి (పెంచుకునే పెద్ద బల్లి) ఐదేళ్లు, బరువు 1.6 కిలోలు. పరివేష్‌లో (విదేశీ పెంపుడు జంతువుల్ని నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పోర్టల్) నమోదు చేయించినదే, కాబట్టి దయచేసి ఆ గొడవ ఇక్కడ వద్దు. ఆదివారం పెరట్లో ఎండకి పడుకుని ఉంటే వీధికుక్క దూరి తొడ పట్టేసింది. కుట్లు వేయించాం గానీ రక్తం బాగా పోయింది. నోరు లోపల తెల్లగా పాలిపోయింది, మందార పువ్వు పెట్టినా ముట్టట్లేదు.

డాక్టరు గారు తోక కింద సిర నుంచి రక్తం తీసి చూస్తే పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) 11. మామూలుగా 25 పైనే ఉండాలట. అక్కడ రక్తంలో లింఫ్ (పక్క నాళాల్లో ఉండే నీరులాంటి ద్రవం) కలిస్తే అంకె తక్కువ చూపించొచ్చు, రేపు మళ్లీ తీద్దాం అన్నారు. మిగతా లెక్కలకి మనుషుల ల్యాబ్‌లో ఇస్తే మెషీన్ తెల్లకణాలు లక్షల్లో చూపించింది! వీటి ఎర్రకణాలకీ కేంద్రకం ఉంటుంది కదా, మెషీన్‌కి తేడా తెలీక వాటినీ తెల్లకణాలుగా లెక్కేస్తుంది. స్లయిడ్ మీద చేత్తో లెక్కపెట్టేవాళ్లు ఇక్కడెవరైనా ఉన్నారా? శాంపిల్ హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చూసే మందు) ట్యూబులోనే ఇస్తాం.

రేపు కూడా పీసీవీ ఇలాగే వస్తే రక్తం ఎక్కించక తప్పదట. దాత ఇగ్వానాయే కావాలి, ముందు క్రాస్‌మ్యాచ్ (రెండింటి రక్తం సరిపడుతుందో లేదో చూసే పరీక్ష) చేస్తారు. ఆరోగ్యంగా ఉన్న రెండు కిలోల దాని నుంచి 10 మి.లీ. తీస్తే ప్రమాదం లేదన్నారు. గాజువాక, మధురవాడ, విజయనగరం, ఎక్కడున్నా కారులో మేమే వస్తాం. ఇదివరకు ఎవరైనా ఎక్కించి ఉంటే, తర్వాత ఎన్నాళ్లకి తిండి ముట్టిందో కూడా చెప్పండి.