గుండె ఆపరేషన్ అయిన పాపకి పన్ను పీకించాలి. యాంటీబయాటిక్ కావాలా, అక్కర్లేదా?

బ్రాడీపేట అమ్మ:
మా పాపకి ఆరేళ్లు. గుండెలో చిల్లుకి రెండేళ్ల కిందట ప్యాచ్ వేశారు. ఇప్పుడు కింది దవడ పాలపన్ను పుచ్చిపోయింది, పీకాలి. పళ్ల డాక్టరుగారు ముందుగా మందేమీ అక్కర్లేదన్నారు. మా వీధి డాక్టరుగారేమో పీకాక ఐదు రోజులు అమాక్సిసిలిన్ వాడమన్నారు. ఎవరి మాట వినాలండీ?

బెజవాడ మెడికల్స్:
వాడేయండమ్మా. పన్ను పీకితే నోట్లో క్రిములు రక్తంలో కలుస్తాయి. అవి పోయి గుండెలో తిష్ట వేస్తే ఎండోకార్డైటిస్. చవక సిరప్ దగ్గర ఇంత ఆలోచనెందుకు?

పళ్ల పీజీ, గుంటూరు:
కలిసే మాట నిజమే. బ్రష్ చేసినా, చెరుకు ముక్క నమిలినా కలుస్తాయి. రోజూ బ్రష్‌కి ముందు సిరప్ తాగిస్తామా?

పన్ను పీకే ముందు యాంటీబయాటిక్ ఎవరికివ్వాలన్న జాబితాని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లోనే బాగా కుదించింది, 2021లోనూ దాని మీదే నిలబడింది. పిల్లల్లో ముఖ్యంగా వీళ్లు: కృత్రిమ కవాటం ఉన్నవాళ్లు, ఒకసారి ఎండోకార్డైటిస్ వచ్చి తగ్గినవాళ్లు, ఒళ్లు నీలంగా మారే జబ్బుకి ఇంకా ఆపరేషన్ కానివాళ్లు, ప్యాచ్ వేసి ఆరు నెలలు నిండనివాళ్లు, ప్యాచ్ పక్కన ఇంకా లీకు ఉన్నవాళ్లు. వీళ్లకైనా అమాక్సిసిలిన్ ఒక్క డోసే. పీకడానికి అరగంట, గంట ముందు, కిలో బరువుకి 50 మిల్లీగ్రాములు. దవడ వాచి జ్వరం ఉంటే అది వైద్యం, దాని లెక్క వేరు. అదేమీ లేకుండా పీకాక మొదలుపెట్టే ఐదు రోజుల కోర్సు దేనికో నాకైతే అర్థం కాదు.

అమ్మా, చివరి ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో లీకు గురించి ఏం రాశారు?

బెజవాడ మెడికల్స్:
అమెరికా జాబితా అమెరికా పిల్లలకి. మన దగ్గర కీళ్ల జ్వరంతో కవాటాలు చెడిన రుమాటిక్ గుండెజబ్బు పిల్లలు ఎంతమంది! వాళ్లు మీ జాబితాలో ఏరీ?

పళ్ల పీజీ, గుంటూరు:
గట్టి ప్రశ్నే. కవాటం మార్చకపోతే వాళ్లు అందులో లేరు. మన దేశానికి అది సరిపోతుందా అన్న వాదన ఉంది, కాదనను. కానీ ఆ జబ్బుకి మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ తీసుకునే పిల్లల నోట్లో క్రిములు అమాక్సిసిలిన్‌కి లొంగకపోవచ్చు. వాళ్లకి అవసరమైతే వేరే రకం మందు చూడాలి. మీ సిరప్ అక్కడా పనికిరాదు.

బ్రాడీపేట అమ్మ:
రిపోర్టులో 'నో రెసిడ్యువల్ షంట్' అని ఉంది.

పళ్ల పీజీ, గుంటూరు:
అంటే లీకు లేదు. అదే కాగితం గుండె డాక్టరుగారికి వాట్సాప్‌లో పెట్టి ఒక మాట అడగండి, ఆయన సరేనంటే మందు లేకుండానే పీకించేయండి. తర్వాతి వారాల్లో కారణం తెలియని జ్వరం వచ్చి తగ్గకపోతే మాత్రం ముందు బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిమి ఉందేమో పెంచి చూసే పరీక్ష), ఆ తర్వాతే యాంటీబయాటిక్. ముందే మందు పడితే కల్చర్‌లో క్రిమి దొరక్కపోవచ్చు. మెడికల్స్ గారూ, అలాంటి పిల్ల కోసం సిరప్ అడిగితే చీటీ లేకుండా ఇవ్వకండి.