మరుగుదొడ్డిలోకి వెళ్లి పాలిచ్చుకోమన్నారు. వెళ్లాను. వెళ్లవలసిందేనా?

చిట్టిగువ్వ:
మా బాబుకు మూడు నెలలు నిండాయి. నిన్న టీకా కోసం ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. మా ముందు ఇంకా పదిహేను మంది ఉన్నారు. వాడు గుక్కపెట్టి ఏడవడం మొదలుపెట్టాడు. గోడవైపు తిరిగి కూర్చుని పాలు పట్టాను. రెండు నిమిషాలైనా కాలేదు, ఎదుటి వరుసలోంచి ఒక పెద్దమనిషి లేచి వచ్చి, "అమ్మా, ఇక్కడ మగవాళ్లున్నారు. అటుపక్క మరుగుదొడ్డి ఉంది, అందులో ఇచ్చుకోండి" అన్నారు. అంతమందిలో ఒక్కరూ నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు. వాడి నోట్లోంచి రొమ్ము విడిపించుకుని లేచి వెళ్లిపోయాను.

లోపల కూర్చునే చోటు ఎక్కడుంటుంది? మూత వేసి దానిమీదే కూర్చున్నాను. చేతులు ఆరబెట్టుకునే యంత్రాన్ని ఎవరైనా వాడినప్పుడల్లా అది బుర్రుమంటుంది, వీడు ఉలిక్కిపడి పాలు వదిలేస్తాడు. మళ్లీ పట్టించేలోగా ఎవరో తలుపు కొడతారు. పాలు కూడా సరిగా రాలేదు. బయటికి వచ్చేసరికి మా పేరు పిలిచేశారట, వంతు పోయింది.

ఇంటికి వచ్చాక ఆయన మీద కంటే నా మీద నాకే ఎక్కువ కోపం వచ్చింది. ఎందుకు లేచాను? మీరైతే ఏం చేసేవారు?

పాతకాపు:
ఆయన చెప్పిన తీరు బాగాలేదు. చూపించిన చోటు ఇంకా బాగాలేదు. అయితే మీరు ఒక సంగతి రాయలేదు. మీద గుడ్డ కప్పుకున్నారా, లేదా?

సూదిమొన:
కప్పుకుంటే ఏమిటి, కప్పుకోకపోతే ఏమిటి?

పాతకాపు:
అడిగింది మిమ్మల్ని కాదు.

చిట్టిగువ్వ:
కప్పుకున్నానండీ. వాడు కాళ్లూ చేతులూ ఆడించి తోసేశాడు. మళ్లీ కప్పాను, మళ్లీ తోశాడు. పైగా గుడ్డ కింద వాడి నోరు ఎక్కడుందో నాకు కనిపించదు. చివర మాత్రమే పట్టుకుంటే చనుమొన చీలిపోతుంది. మొదటి నెలలో అలా చీలి, వాడు నోరు తెరిస్తేనే వణికిపోయేదాన్ని.

పాతకాపు:
అంటే గుడ్డ ఉంది కానీ లేదు. ఆ పెద్దమనిషి చూసింది లేనప్పుడే.

గోడమీదిపిల్లి:
రెండువైపులా న్యాయం ఉంది.

సూదిమొన:
మీ పేరు మీకు సరిగ్గా అతికింది.

ఇక పాతకాపు గారూ, పసిబిడ్డకు పాలిచ్చే హక్కు గుడ్డ కొలతను బట్టి రాదు. స్కాట్లాండులో 2005లో ఒక చట్టం చేశారు. బహిరంగ ప్రదేశంలో రెండేళ్లలోపు బిడ్డకు పాలిస్తుంటే కావాలని అడ్డుకోవడం అక్కడ నేరం. ఇవ్వడం నేరం కాదు, ఆపడం నేరం! నిన్నటి పెద్దమనిషి అక్కడ ఆ మాట అని ఉంటే సంజాయిషీ ఆయన చెప్పుకోవలసి వచ్చేది. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్ర శాసనసభలో 2003లో కర్స్టీ మార్షల్ అనే సభ్యురాలు పదకొండు రోజుల పాపకు పాలిస్తుంటే బయటికి వెళ్లమన్నారు. కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. సభ్యులు కానివారు సభలో కూర్చోకూడదట, పాప సభ్యురాలు కాదట! అదే దేశపు సెనేట్‌లో 2017లో లారిసా వాటర్స్ తన కూతురికి పాలిచ్చారు. సభ యథాప్రకారం నడిచింది.

పాతకాపు:
చట్టం గురించి నేను అడగలేదు. గుడ్డ గురించి అడిగాను.

ఎండమావి:
నేను మగవాణ్ని. నిజం చెబుతున్నాను, తిట్టకండి. అలాంటప్పుడు ఎటు చూడాలో తెలియదు. చూస్తే తప్పు. మొహం తిప్పుకుంటే ఏదో జరగరానిది జరుగుతున్నట్టు ఉంటుంది.

వానకోయిల:
మీ ఫోను చూడండి. తక్కిన వేళల్లో చూసేది దాన్నేగా.

ఎండమావి:
తిట్టకండి అన్నాను.

పాతకాపు:
ఇంకో మార్గమూ ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరేం? బయలుదేరే ముందే పాలు పిండి సీసాలో పోసుకుని తీసుకెళ్లవచ్చు. బిడ్డ ఆకలీ తీరుతుంది, ఎదుటివాళ్లకూ ఇబ్బంది ఉండదు.

వానకోయిల:
నేను ప్రసూతి వార్డులో నర్సును. పిండిన పాలు గదిలో, అదీ 25 డిగ్రీల లోపు వేడిమి ఉంటేనే, నాలుగు గంటలు ఉంటాయి. టీకా వంతు ఎప్పుడొస్తుందో చెప్పగలరా? అదీకాక, బిడ్డ సీసాలో పాలు తాగినంత మాత్రాన రొమ్ము ఊరుకోదు. వేళకు పాలు తీయకపోతే గడ్డకడుతుంది, సలుపుతుంది, ఒక్కోసారి జ్వరమూ వస్తుంది. అప్పుడు మళ్లీ పిండాలి. ఎక్కడ? అదే మరుగుదొడ్డిలోనా?

చిట్టిగువ్వ గారూ, లోపల పాలు సరిగా రాలేదన్నారు కదా, అది మీ లోపం కాదు. బిడ్డ ఏడుపు వింటే చాలు, ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై పాలు చేపుకొస్తాయి. అవమానం జరిగినా భయం వేసినా ఆ చేపు వెనక్కి పోతుంది. కాసేపు ఊపిరి పీల్చుకుని కుదురుకుంటే మళ్లీ వస్తుంది. వార్డులో రోజూ చూస్తుంటాను, తలుపు దగ్గర ఎవరైనా గట్టిగా మాట్లాడితే చాలు, కొత్త తల్లి భుజాలు బిగుసుకుపోతాయి.

రెండో ఝాము:
సీసా తీస్తే ఇబ్బంది ఉండదని ఎవరన్నారు? మా పాపకు పోతపాలే. బస్సులో సీసా తీసేసరికి పక్క సీటులో ఆవిడ, "అయ్యో, నీ పాలు పట్టవచ్చు కదమ్మా, పొడిపాలు పోస్తావేం?" అంది. నాకు పాలు ఎందుకు లేవో ఆవిడకు విన్నవించుకోవాలా? రొమ్ము తీస్తే సిగ్గు లేదంటారు, సీసా తీస్తే ప్రేమ లేదంటారు. సూదిమొన గారు చెప్పిన ఆ స్కాట్లాండు చట్టం నాకూ తెలుసు. అందులో ఉన్నది పాలు పట్టడం అని. సీసా పాలకూ అది వర్తిస్తుంది. ఆ ముక్క మాత్రం చెప్పరు!

సూదిమొన:
నిజమే, వదిలేశాను. కావాలని కాదు.

రెండో ఝాము:
అందరూ వదిలేస్తారు లెండి.

గోడమీదిపిల్లి:
చర్చ పక్కదారి పడుతోంది.

పాతకాపు:
పక్కదారి పట్టించింది నేను కాదు. నా ప్రశ్న చాలా చిన్నది. నలుగురిలో ఉన్నప్పుడు నలుగురినీ చూసుకోవాలా, వద్దా? ఇప్పటివాళ్లకు అన్నీ హక్కులే. అసలు నెలల బిడ్డను ఎత్తుకుని ఊరంతా తిరగాలా? మేము ఇల్లు కదిలామా?

సూదిమొన:
ఆహా! ఇదన్నమాట అసలు సంగతి. పొద్దుటి నుంచి గుడ్డ గుడ్డ అన్నది దీన్ని కప్పడానికి.

ఆమె ఊరంతా తిరగలేదు, టీకా వేయించడానికి వెళ్లింది. అయినా సరే, షికారుకే వెళ్లిందనుకుందాం. మొదటి ఆరు నెలలు మంచినీళ్లు కూడా వద్దు, తల్లిపాలే పట్టమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆ తరువాత తక్కిన తిండితో పాటు రెండేళ్లూ, ఆపైనా ఇవ్వమంటుంది. కొత్తలో బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగుతుంది. మీ లెక్కన తల్లి గడప దాటేది ఎప్పుడు? మీ మగవాళ్లకు ఇంట్లో కూర్చుని తీర్పులు చెప్పడం తేలిక.

పాతకాపు:
నేను మగవాణ్నని మీకెవరు చెప్పారు?

ఎండమావి:
నేనూ అలాగే అనుకున్నాను.

సూదిమొన:
మగవారు కాకపోతే మరీ ఘోరం. పాలిచ్చిన తల్లి అయ్యుండి ఇలా మాట్లాడతారా? మీలాంటి వాళ్లుండబట్టే ఆయన అంత ధైర్యంగా లేచి వచ్చాడు.

నిర్వాహకులు:
ఇద్దరి వ్యాఖ్యల్లోనూ కొన్ని మాటలు తొలగించాం. వ్యక్తిగత దూషణ వద్దు.

పాతకాపు:
తొలగించండి. ఇది మాత్రం ఉంచండి.

ముప్ఫై ఏళ్ల కిందటి మాట. బంధువుల ఇంట్లో వేడుక. మా పెద్దవాడికి అయిదో నెల. ఏడ్చినప్పుడల్లా వెనక గదిలోకి వెళ్లమన్నారు. పరుపులూ, పెట్టెలూ పేర్చిన గది. ఒక్క కిటికీ, అదీ మూసి ఉంది. వాడు తాగుతూ తాగుతూ నిద్రపోయేవాడు, కదిలిస్తే లేచేవాడు. అందుకని అలాగే కూర్చునేదాన్ని. తలుపు అవతల అందరూ నవ్వుకుంటున్నారు. పాలిచ్చేటప్పుడు గొంతు ఎలా ఎండిపోతుందో మీకు తెలిసే ఉంటుంది. గ్లాసుడు నీళ్లు తెచ్చినవాళ్లు లేరు. తిరిగి వచ్చేటప్పుడు మావారు, "నువ్వు పిల్లాడికి పాలిచ్చినట్టు ఎవరికీ తెలియనే తెలియలేదు" అన్నారు మెచ్చుకుంటూ. నాకూ గొప్పగానే అనిపించింది. ఈ ముప్ఫై ఏళ్లూ గొప్పగానే ఉంది.

ఇప్పుడు మీరంతా చేరి, లేవకుండా కూర్చోవలసింది, ఎవరేం చేస్తారు అంటున్నారు. మరి నేను లేచి వెళ్లినన్ని సార్ల సంగతేమిటి?

వానకోయిల:
...

సూదిమొన:
మీకు జరిగింది అన్యాయమే. అయితే ఆ గదిలోకి ఈమెను కూడా పంపాలా?

పాతకాపు:
పంపమనలేదు. గుడ్డ ఉందా అని అడిగాను.

సూదిమొన:
ఇల్లు కదలకూడదనీ అన్నారు.

పాతకాపు:
అన్నాను. కోపంలో వచ్చింది. లోపల లేనిది నోట్లోకి రాదనుకోండి.

చిట్టిగువ్వ:
ఇప్పుడే వాణ్ని పడుకోబెట్టి వచ్చి అన్నీ చదివాను. పాతకాపు గారూ, నేనూ లేచి వెళ్లినదాన్నే కదండీ. మిమ్మల్ని ఏమీ అనలేను. టీకాకు ఎల్లుండి మళ్లీ రమ్మన్నారు. ఈసారి ఎవరైనా అంటే, "వీడు తాగడం అయ్యాక వస్తాను, ఆగండి" అందామనుకుంటున్నాను. నోరు పెగులుతుందో లేదో.

గోడమీదిపిల్లి:
పెద్దమనిషి వేరే రోజు రావచ్చు కదా.

రెండో ఝాము:
ఆయన రాకపోతే ఇంకొకాయన వస్తాడు. నేనైతే సీసా పట్టుకుని మీ పక్కన కూర్చునేదాన్ని.

పాతకాపు:
అమ్మాయీ, ఒక మాట. గుడ్డను భుజాన వేసుకుంటే జారిపోతుంది. రెండు కొసలూ మెడ వెనక ముడి వెయ్యి. వాడు తోసినా పడదు. పైఅంచు మరీ బిగించకు, కాస్త వేలాడనివ్వు. వాడి నోరు నీకు కనిపిస్తుంది, గాలీ ఆడుతుంది. పక్కన నీళ్ల సీసా పెట్టుకో, మరిచిపోకు.

సూదిమొన:
తిరిగి తిరిగి మళ్లీ గుడ్డ దగ్గరికే వచ్చారు.

పాతకాపు:
వచ్చాను. అయితే ఏం?