రంపపు బ్లేడుపై గట్టిపడిన జిగురును పళ్ళు చెడకుండా తీయడం ఎలా?

తిరుపతిలో మాకు చిన్న వడ్రంగి పనిశాల ఉంది. టేబుల్ రంపానికి 10 అంగుళాల, 60 పళ్ళ కార్బైడ్ బ్లేడును (ఉక్కు చక్రం అంచున అతి గట్టి కార్బైడ్ పళ్ళు అతికించినది) వాడుతున్నాము. చిత్తూరు వైపు నుండి వచ్చే మామిడి పలకలను, పాత ప్యాకింగ్ పెట్టెల నుండి విప్పిన పైన్ చెక్కను ఎక్కువగా కోయడం వలన, పళ్ళ పక్కలా, వాటి మధ్య సందులలోనూ గోధుమరంగు జిగురు గట్టిపడి పేరుకుపోయింది. కొంతకాలంగా కోత అంచులు నల్లగా కమిలిపోతున్నాయి, చెక్కను మునుపటికన్నా గట్టిగా తోయవలసి వస్తున్నది. పదును పోయిందనుకొని సాన పట్టించడానికి బయలుదేరాను. కానీ గోటితో తాకి చూస్తే పళ్ళు వాడిగానే ఉన్నాయి కనుక, వేడికి కారణం ఈ జిగురేనని నా అనుమానం.

రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టి చూశాను. పై పొర మెత్తబడిందే తప్ప అడుగు పొర వదలలేదు, పైగా తుడిచిన తరువాత కూడా మొదటి రెండు పలకలకు ఆ వాసన అంటింది. తోటి పనివారిలో ఒక పెద్దాయన కాస్టిక్ సోడా నీళ్ళలో వేయమన్నారు. అంత తీవ్రమైన క్షారం, కార్బైడ్ రేణువులను పట్టి ఉంచే కోబాల్టు అనే లోహాన్ని తినివేసి పళ్ళ అంచులను బలహీనపరుస్తుందని విన్నందువలన నాకు ధైర్యం చాలలేదు. చేతులకూ కళ్ళకూ ప్రమాదం సరేసరి.

గోరువెచ్చని నీటిలో బట్టల సోడా కలిపి, పావుగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే సరిపోతుందా? ఇత్తడి తీగల బ్రష్ వాడవచ్చునా? ఆరిన తరువాత ఉక్కు భాగం తుప్పు పట్టకుండా, చెక్కకు మరక అంటకుండా ఉండాలంటే కుట్టుమిషన్ నూనె పలుచగా పూసి తుడవడం మంచిదా, మైనం మంచిదా? మామిడి చెక్కను నిత్యం కోసేవారు ఎన్ని రోజులకొకసారి బ్లేడును విప్పి శుభ్రం చేస్తున్నారో కూడా దయచేసి తెలుపగలరు.