సమస్య: "పిల్ల కథకు జడిసె పెద్దపులియు" – పూరణలు, పరిశీలన

ఈ పక్షం సమస్యగా ఇచ్చినది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం, ముందు మూడు పాదాలను సభ్యులు పూరించాలి. ఎందుకు ఇచ్చానో చెప్పాలి.

నల్లగొండలో మా వీధిలో ఏడో తరగతి చదివే అమ్మాయి ఒకరు ఉన్నారు. ఆమె చదువుకుంటున్న మంత్రదండాల నవలను వాళ్ల నాన్న లాగేసుకున్నారు. ఆ పుస్తకం నిండా రహస్య సంకేతాలున్నాయని, పిల్లల మనసులను లోబరచుకోవడానికి ఎవరో పన్నిన పన్నాగమని ఆయన ఫోనులో ఒక వీడియో చూశారట. అమ్మాయి నా దగ్గరకు వచ్చి, "తాతయ్యా, పిల్లల కథల్లో కూడా రాజకీయం దాగి ఉంటుందని మీరే అన్నారు కదా, మరి నాన్న మాట ఎందుకు తప్పు?" అని అడిగింది. అన్యాపదేశం (ఒక కథ చెబుతూ వేరే విషయాన్ని సూచించడం) ఎక్కడ ఆగుతుంది, కుట్ర సిద్ధాంతం ఎక్కడ మొదలవుతుంది? వెంటనే జవాబు దొరకలేదు. అందుకే మీ ముందు పెట్టాను. మన ఆనవాయితీ ప్రకారం సభ్యులను వారి ఊళ్ల పేర్లతోనే పిలుస్తున్నాను.

దేవరకొండ

పందులేలునట్టి పాలెంబు గాథలో
తనదు మోము చూచి తల్లడిల్లి
ముద్రణాలయముల మూయింప జూచెను
పిల్ల కథకు జడిసె పెద్దపులియు

*పరిశీలన:* "పందులేలునట్టి పాలెంబు" చదవగానే, సోవియట్ పాలనను పందుల కథగా ఎత్తిచూపిన జార్జ్ ఆర్వెల్ 'యానిమల్ ఫామ్' కళ్లముందుకు వచ్చింది. యతులు (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో కుదిరే పొత్తు) చక్కగా ఉన్నాయి. మూడో పాదంతోనే నాకు పేచీ. ఆ పుస్తకం కోసం ఏ పాలకుడూ ముద్రణాలయాలు మూయించబోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ రష్యా బ్రిటన్‌కు మిత్రదేశం. అందువల్ల 1944లో లండన్ ప్రచురణకర్తలు పలువురు తమంతట తామే రాతప్రతిని తిప్పి పంపారు. 1945 ఆగస్టులో గాని అది వెలువడలేదు. పులి గర్జించక ముందే చుట్టుపక్కల వాళ్లు వణికారన్నమాట. పద్యంలో ఆ నిజం ఉంటే ఇంకా బలంగా ఉంటుంది.

*దేవరకొండ:* గురువుగారూ, ఒప్పుకుంటున్నాను. మూడో పాదం ఇలా మార్చాను: "అచ్చువేయువార లడలిన పిమ్మట".

*పరిశీలన:* ఎంత బాగా కుదిరింది! అచ్చువేసేవారు అడలిన తరువాత పులి కూడా జడిసింది. సమస్యలోని "పులియు"లో ఉన్న "యు"కు ఇప్పుడు పని దొరికింది. ఒక్క చిన్న సవరణ. "తల్లడిల్లి" క్త్వార్థకం (ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియ), దాని ఇకారానికి సంధి లేదు, కాబట్టి యడాగమం చేసి (నడుమ "య" చేర్చి) "యచ్చువేయువార" అని రాయండి. యతికి ఇబ్బంది రాదు.

పాలమూరు

పసిడి బాట మీద పాపాయి నడవగా
వెండి నాణెమంచు వెదకి వెదకి
లేని కుట్ర నొకటి లెక్కించి చూపగా
పిల్ల కథకు జడిసె పెద్దపులియు

*పరిశీలన:* అమ్మా, "వెదకి వెదకి" అనే ఆమ్రేడితం ప్రాణంగా ఉంది. మీరు చెబుతున్నది 1900లో ఎల్. ఫ్రాంక్ బామ్ రాసిన ఓజ్ మాంత్రికుడి కథ గురించి. దాని ముందుమాటలో బామ్ ఇది ఈనాటి పిల్లలను సంతోషపెట్టడానికే రాశానన్నారు. 1964లో హెన్రీ లిటిల్‌ఫీల్డ్ అనే ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు ఒక వ్యాసంలో ఆ కథను 1890ల నాటి అమెరికా రాజకీయంతో పోల్చారు. పసుపు ఇటుకల బాట బంగారు ప్రమాణం (డబ్బు విలువను బంగారానికి ముడిపెట్టే పద్ధతి), పాప వేసుకున్న వెండి చెప్పులు వెండి నాణేలు కావాలన్న రైతుల కోరిక, పిరికి సింహం 1896లో అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిన విలియం జెన్నింగ్స్ బ్రయన్. 1939 సినిమాలో ఆ చెప్పులు కెంపుల రంగుకు మారాయి గనుక సినిమా మాత్రమే చూసినవారికి ఈ పోలిక తట్టదు.

కానీ "లేని కుట్ర" అన్న మాట ఆ ఉపాధ్యాయుడికి అన్యాయం చేస్తుంది. ఆయన కుట్ర అనలేదు, పోలిక అన్నారు. ఎండిపోయిన చరిత్ర పాఠాన్ని విద్యార్థులకు రుచిగా అందించాలన్నదే ఆయన తపన. పైగా బామ్ ఆ రైతుల ఉద్యమానికి మద్దతుదారు అనడానికి ఆధారం లేదని 1992లో ఆ ఉపాధ్యాయుడే స్వయంగా రాశారు. నేను పాఠశాలలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పాను. తన అన్వయాన్ని పదిమంది ముందు ఇలా వెనక్కి తీసుకున్నవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టగలను. ఆ ఉపాధ్యాయుడికి నేను మనసారా నమస్కరిస్తాను.

*పాలమూరు:* గురువుగారూ, నా గురి ఆయన మీద కాదు. తర్వాత అదే వ్యాసాన్ని పట్టుకుని, కథ మొత్తం బ్యాంకుల రహస్యానికి తాళంచెవి అని, ఓజ్ అంటే ఔన్సు (బంగారం తూచే కొలత) అని ప్రచారం చేసినవారి మీద. వాళ్లకు ముందుమాట చూపిస్తే "అది కప్పిపుచ్చడానికే రాశాడు" అంటారు. కాదన్న ప్రతి మాటా వాళ్ల లెక్కలో అవునన్నదానికే సాక్ష్యం.

*పరిశీలన:* అయితే మీ పద్యం నిలుస్తుంది, "కుట్ర" అలాగే ఉండనివ్వండి. మా వీధి అమ్మాయికి చెప్పవలసిన మాట మీరే అందించారు. పోలిక చెప్పేవాడి ముందు ఆధారం పెడితే ఆగి ఆలోచిస్తాడు, అవసరమైతే వెనక్కి తగ్గుతాడు. కుట్ర చెప్పేవాడు ఆ ఆధారాన్నే మింగి ఇంకొంచెం లావవుతాడు. వాళ్ల నాన్న చూసిన వీడియోను ఈ మాటతో ఆమే తూచుకోవచ్చు.

వనపర్తి (పద్యం కాదు, అభ్యంతరం)

"పిల్లల కథలో రాజకీయం వెదకడమే తప్పు. ఉంగరాల కథ ('లార్డ్ ఆఫ్ ది రింగ్స్') రాసిన టోల్కీన్ తనకు అన్యాపదేశం గిట్టదని రెండో కూర్పు ముందుమాటలో రాసుకున్నారు. ఉంగరం అణుబాంబు అన్నవారిని ఆయన ఒప్పుకోలేదు."

*పరిశీలన:* ఆ ముందుమాటలోనే ఇంకో మాట ఉంది, దాన్ని వదలకండి. పాఠకుడు తన అనుభవానికి కథను అన్వయించుకోవడం ఆయనకు ఇష్టమే. అన్వయం పాఠకుడి స్వేచ్ఛ అని, అన్యాపదేశంలో రచయిత పెత్తనం ఉంటుందని ఆయన తేడా చూపారు. కాబట్టి వెదకడం తప్పని ఆయన అనలేదు. మనకు దొరికినది రచయిత దాచాడని అనకూడదు, అంతే.

గద్వాల

కొమ్ము వంచెననుచు గోమాయు వూదగా
సింగ మెద్దు జంపె జెలిమి మరచి
విష్ణుశర్మ చెప్ప వినినంత నడవిలో
పిల్ల కథకు జడిసె పెద్దపులియు

*పరిశీలన:* విద్వద్గద్వాల అన్న పేరు ఊరికే రాలేదు. ఈ పద్యాన్ని నాలుగుసార్లు పైకి చదువుకున్నాను. "సిం"కు "జె"తో యతి, "ఎద్దు" మీద ద్రుతానికి సరళాదేశం ("ఎద్దున్ + చంపె" అన్నది "ఎద్దు జంపె" కావడం), అన్నీ సరిగా ఉన్నాయి. "వూదగా" అన్న క్రియ మరీ గొప్పది. చెవిలో ఊదడం, నిప్పును ఊదడం రెండూ అందులో ఉన్నాయి.

చిన్నయసూరి 1853 నాటి నీతిచంద్రికలో మిత్రభేదం చదివినవారికి ఈ కథ కొట్టినపిండి. రాజకుమారులకు రాజనీతి నేర్పడానికి విష్ణుశర్మ జంతువుల కథలు చెప్పాడు, అంటే ఇది దాపరికం లేని అన్యాపదేశం. దాని నడుమ కూర్చున్న దమనకుడు, పద్యంలోని గోమాయువు అంటే నక్క, చేసేది మాత్రం అచ్చమైన కుట్ర సిద్ధాంతం. ఎద్దు సంజీవకుడు కొమ్ములు పొడవడానికి సిద్ధంచేసుకుని వస్తే పగవాడని తెలుసుకో అని సింహం పింగళకుడికి చెబుతాడు. సింహం చెవులు రిక్కించి, తోక ఎత్తి, నోరు తెరిచి చూస్తే నిన్ను చంపబోతోందని తెలుసుకో అని ఎద్దుకు చెబుతాడు. భయపడిన ఎద్దు కొమ్ములు వంచక ఏం చేస్తుంది? దాన్ని చూసిన సింహం తోక ఎత్తక ఏం చేస్తుంది? ముందు లేని గుర్తులు ఆ మాట చెప్పినందువల్లే పుట్టాయి. ఫోనులో వీడియో చూసి పుస్తకం తెరిచిన తండ్రికి ప్రతి పేజీలోనూ సంకేతం కనిపించడం కూడా ఇలాంటిదే. ఆయన మీద నాకు కోపం లేదు. పింగళకుడి మీద ఎవరికి కోపం వస్తుంది?

కథానాయకుడు సింహం కదా, పులి ఎక్కడిది అని ఒకరు అడిగారు. సింహం గతి విని పులి జడిసింది, తన పక్కన కూర్చున్న నక్కను ఒకసారి తేరిపార చూసింది. పద్యం చెప్పకుండా వదిలిన ఆ చూపే నాకు నచ్చింది. ఈ పక్షం ఉత్తమ పూరణ ఇదే.

మిర్యాలగూడ (పదో తరగతి విద్యార్థి, తొలి పద్యం)

మంత్రి లేడు లేడు మాంత్రికుడనుచుండ
పత్రికలును వాని పాట పాడ
నిజము చెప్పు బాలుని నిందించు రాజ్యాన
పిల్ల కథకు జడిసె పెద్దపులియు

*పరిశీలన:* నాయనా, మూడో పాదంలో ఒక లఘువు ఎక్కువైంది. "బాలుని"లోని "ని" తీసేయి. "నిజము చెప్పు బాలు నిందించు రాజ్యాన" అంటే గణాలు సరిపోతాయి, "ని–నిం" యతి కూడా నిలుస్తుంది.

భావం గురించి మాత్రం నీకు నేను చెప్పవలసింది లేదు. 2003లో వచ్చిన హ్యారీ పాటర్ అయిదో పుస్తకాన్ని నువ్వు నాకంటే బాగా చదివావు. చీకటి మాంత్రికుడు తిరిగొచ్చాడని పిల్లవాడు చెబితే మంత్రి నమ్మడు. ముసలి ప్రధానాచార్యుడు మంత్రి పదవి కోసం విద్యార్థులతో సైన్యం కడుతున్నాడని మాత్రం నమ్ముతాడు. ఆ కథలో లేని కుట్రను ఊహించుకున్నవాడు ఏలేవాడే. ఆ వరుసలోని ముందు పుస్తకాలను 2001 డిసెంబరులో అమెరికాలోని అలమొగొర్డోలో ఒక చర్చి వారు మంటలో వేశారని చదివినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. అయిదో పుస్తకం అప్పటికి రానేలేదు. నీ పద్యాన్ని మా వీధి అమ్మాయికి చదివి వినిపిస్తాను, వాళ్ల నాన్న కూడా ఉన్నప్పుడు.

సూర్యాపేట పూరణలో రెండో పాదం యతి తప్పింది, సవరించి పంపితే చేరుస్తాను. నాగర్‌కర్నూల్ సభ్యులు అమ్రాబాద్ అడవిలోని పులినే తెచ్చారు. ధార బాగుంది, విషయం వేరు కాబట్టి విడిగా ఉంచాను.

వచ్చే పక్షానికి పానగల్లు ఛాయాసోమేశ్వరుడిని తలచుకుని ఒక పాదం ఇస్తున్నాను. అక్కడి గర్భగుడిలో పడే నీడ పగలంతా కదలదని మన జిల్లా వారందరికీ తెలుసు. స్తంభాల అమరికను, వెలుగు వచ్చే దారులను ఒకసారి వెళ్లి చూసి వచ్చి రాయండి. ఛందస్సు ఆటవెలదే, ఇనుడంటే సూర్యుడు:

"నీడ నిలిచిపోయె నినుడు కదల"