చావు డప్పు: మానేయాలా, మన షరతుల మీద కొట్టాలా?

గుండ్లకమ్మ ఒడ్డు:
మాది ప్రకాశం జిల్లాలో చిన్న ఊరు. పోయిన నెల ఊళ్ళో ఒక పెద్ద రైతు చనిపోతే మా బాబాయికి ఫోన్ వచ్చింది. "పొద్దున ఆరింటికల్లా నలుగురు రావాలి" అన్నారు, అంతే. ఎంతిస్తారో చెప్పలేదు, తీరిక ఉందా అని అడగలేదు. డిగ్రీ చదివిన మా తమ్ముళ్ళు ఈసారి రామన్నారు. "పెళ్ళికి డీజేని పిలుస్తారు, శవం లేస్తేనే మేం గుర్తొస్తామా?" అన్నారు. బాబాయి ఒక్కడే డప్పు భుజాన వేసుకుని వెళ్ళాడు. వచ్చాక రెండు రోజులు పిల్లలతో మాట్లాడలేదు.

నేను ఆయన డప్పు కాచడం చూస్తూ పెరిగాను. వరిగడ్డి మంట మీద తోలు తిప్పుతూ, వేలితో కొట్టి చూసి, "ఇంకా పలకలేదురా" అని మళ్ళీ మంట మీద పెట్టేవాడు. కుడిచేతిలో సిర్ర అనే కర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. శవం ఇంటి ముందున్నప్పుడు ఒక దరువు, పాడె లేచాక ఒకటి, దింపుడు కళ్ళం దగ్గర ఇంకొకటి. ఆ తేడా తెలిసినవాళ్ళు మా ఊళ్ళో నలుగురే మిగిలారు. పిల్లలు మానేస్తే అది వాళ్ళతోనే పోతుంది.

నా మాట ఏంటంటే, మానక్కర్లేదు. ముందుగా అడగాలి, రేటు మనం చెప్పాలి, అందరితో పాటు కుర్చీ వేయాలి, అందరితో పాటు భోజనం పెట్టాలి. కాదంటే రాము. మీరేమంటారు?

పాలమూరు మాస్టారు:
తమ్ముడూ, షరతులు అంటున్నావు. మీ బాబాయి ఆ రైతు పొలమే కౌలుకి చేస్తుంటే ఏ నోటితో షరతు పెడతాడు?

మా నాయన చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, దాని తోలు తీసి, ఊరికి చెప్పులు కుట్టి, డప్పు కట్టి, ఆ డప్పుతోనే చాటింపు వేసేవాడు. జీతం అంటే కళ్ళంలో పెట్టే గింజలు. ఒక ఏడు జ్వరమొచ్చి ఒక చావుకి పోలేకపోయాడు. ఆ ఏడు కళ్ళం దగ్గరికి పోతే ఒట్టి చేటతో తిరిగొచ్చాడు. అమ్మ ఆ చేట వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. అప్పట్లో దాన్ని ఎవరూ కళ అనలేదు, వెట్టి అన్నారు. నాకు బడిలో ఉద్యోగం వచ్చిన రోజే డప్పును అటకెక్కించాం.

మీ తమ్ముళ్ళకి ఒక్క విషయం చెప్పు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. మనతో శవాలు, కళేబరాలు మోయించడం, గోతులు తవ్వించడం నేరం. వెట్టిచాకిరీ నేరం, సాంఘిక బహిష్కరణ నేరం. రామన్నందుకు ఊరు పనులు ఆపితే కేసు పెట్టొచ్చు.

సిర్ర పట్టిన పిల్ల:
మాస్టారూ, మీ నాయన కష్టం చదువుతుంటే గొంతు పట్టేసింది. కానీ అటక మీది డప్పును కిందికి దించింది కూడా మనవాళ్ళే కదా. 1994 జులై 7న మీ గుండ్లకమ్మ అన్న జిల్లాలోనే, ఈదుముడిలో, మంద కృష్ణ గారూ తోటివాళ్ళూ ఎస్సీ వర్గీకరణ కోసం ఉద్యమం మొదలుపెట్టి దండోరా అని పేరు పెట్టుకున్నారు. దాచుకున్న మాదిగ అనే కులం పేరును తమ పేరు చివర రాసుకున్నారు, దాచుకున్న డప్పును ఊరేగింపు ముందుకు తెచ్చారు. ముప్పై ఏళ్ళకి, 2024 ఆగస్టు 1న, ఎస్సీలను రాష్ట్రాలు వర్గీకరించుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత మంద కృష్ణ గారు పిలుపిచ్చింది కూడా లక్ష డప్పులకే. వెట్టి డప్పు వేరు, ఈ డప్పు వేరు.

అన్నా, మీ షరతుల్లో ఒకటి లేదు. ఆడపిల్లలకి నేర్పుతారా? మా ఇంట్లో తాత నన్ను డప్పు ముట్టుకోనివ్వలేదు. హైదరాబాద్ వచ్చాక నేర్చుకున్నాను. మొదటి నెల భుజం కమిలిపోయింది. నిరుడు మా పెద్దమ్మ పోతే ఆడవాళ్ళమే ఎనిమిది మందిమి కొట్టి సాగనంపాం. ఎవరో రమ్మంటే పోలేదు. మా మనిషి కాబట్టి కొట్టాం.

బెజవాడ మృదంగం:
నేను కచేరీల్లో వాయిస్తాను. మా మృదంగానికి ఆవు తోలు, మేక తోలు, గేదె తోలు కావాలి. తమిళనాడులో ఆ పని చేసే కుటుంబాల్లో చాలామంది దళితులే. వాళ్ళ మీద కర్ణాటక గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో పుస్తకం తెస్తే, ఆవిష్కరణకి ఇచ్చిన హాలును చెన్నైలోని కళాక్షేత్ర అనే కళల సంస్థ వెనక్కి తీసుకుంది. మా లోకం అలా ఉంది, ఒప్పుకుంటాను.

కానీ మార్పు రాలేదనీ అనలేం. ఒంగోలు పక్క కరవది నుంచి వచ్చిన షేక్ చినమౌలానా గారి నాదస్వరానికి 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ తన పెద్ద బిరుదు సంగీత కళానిధి ఇచ్చింది. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో మృదంగంతో సమానంగా డప్పు కోర్సు పెడితే ఆ విద్య ఊరి దయ మీద ఆధారపడదు.

పాలమూరు మాస్టారు:
కోర్సు పెట్టండి, సంతోషం. పాఠం చెప్పేది ఎవరు? డిగ్రీ ఉన్నవాడా, ఈ తమ్ముడి బాబాయా? మా వైపు కిన్నెర మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పనికి పోతున్నాడని వార్తల్లో చూశాం. సన్మానం చేసి పంపిస్తే సరిపోదు, నెల జీతం కావాలి.

గుండ్లకమ్మ ఒడ్డు:
ఆదివారం ఊరెళ్ళొచ్చాను. బాబాయిని నేరుగానే అడిగాను, ఒక్కడివే ఎందుకెళ్ళావని. "నేను పోకపోతే పక్కూరి నుంచి పిలిపిస్తారు. ఆ వచ్చేవాడూ మనోడే గదరా. వాడికి నాకంటే తక్కువిస్తారు" అన్నాడు. నేను పెట్టిన షరతుల్లో ఈ సంగతే లేదు. ఒక్క ఊరు షరతు పెడితే పక్క ఊరు నలుగుతుంది. మాస్టారు అడిగిన కౌలు ప్రశ్నకీ నా దగ్గర జవాబు లేదు. బాబాయికి డప్పు కళాకారుల పింఛను నెలకి 4000 వస్తోంది కాబట్టి ఆయన కొంచెం గట్టిగా నిలబడగలడు. తమ్ముళ్ళకి అదీ లేదు.

సిర్ర చెల్లెమ్మా, మా అక్క కూతురు నేర్చుకుంటానంటే బాబాయి కాసేపు పలకలేదు. తర్వాత లోపలికెళ్ళి సిటికెన పుల్ల తెచ్చి, "ముందు ఎడమచేయి నిలవాలి" అని ఆమె చేతికిచ్చాడు.

వచ్చే వారం పక్క రెండూళ్ళ డప్పు వాళ్ళతో కూర్చుంటున్నాం. మూడూళ్ళకీ ఒకే మాట కుదురుతుందేమో చూడాలి. మాస్టారూ, ఆ చట్టం సెక్షన్ల నంబర్లు ఇక్కడ రాయండి, కాగితం మీద రాసుకుని తీసుకెళ్తాను.